హౌసు పోటీలు - వెనక వరుస కుర్రాడు

(మైపాడు సముద్రతీరాన జరిగిన కార్తీక వనభోజనాల సందర్భంగా మన సంఘ సభ్యులు, విశ్రాంత వ్యాయామోపాధ్యాయులు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మనం నలుగురం కలిస్తే మాట్లాడుకునేది డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి. ఈ పూట వాటికి సెలవు ప్రకటించమని అధ్యక్షులవారు ఆజ్ఞాపించారు. కార్యదర్శిగారేమో, "మాష్టారూ, మీరు మగపిల్లల రెసిడెన్షియల్ స్కూళ్లలో డ్రిల్లు మాష్టారుగా, హౌస్ మాస్టరుగా ఏళ్ల తరబడి పనిచేశారు. మా మనవళ్లు శనివారం వస్తే ఒకడు ఎర్రచొక్కా, ఒకడు పచ్చచొక్కా వేసుకుని మా హౌసుకు ఇన్ని పాయింట్లు, మీ హౌసుకు అన్ని పాయింట్లు అని పోట్లాడుకుంటున్నారు. ఆ సంగతేమిటో మాకు అర్థమయ్యేట్టు చెప్పండి" అన్నారు. అందుచేత పులిహోర వచ్చేదాకా మీ ఓపికను కొంత పరీక్షిస్తాను.

ముందుగా హౌసు అంటే ఏమిటో చెప్పుకుందాం. బడిలో పిల్లలను తరగతుల వారీగా విడదీయడం మనందరికీ తెలుసు. అది అడ్డంగా కోసిన కోత. ఆరో తరగతి వాళ్లందరూ ఒక గదిలో, పదో తరగతి వాళ్లందరూ ఒక గదిలో. హౌసు అనేది నిలువుగా కోసిన కోత. ఆరో తరగతి నుంచి పైతరగతి దాకా ప్రతి తరగతిలోంచీ కొందరిని తీసి ఒక జట్టుగా కడతారు. బడి మొత్తం నాలుగు జట్లు అయితే నాలుగు హౌసులు. ఒక్కోదానికి ఒక పేరు, ఒక రంగు, ఒక హౌస్ మాస్టరు, పైతరగతి కుర్రాళ్లలోంచి ఒక కెప్టెను. ఏడాది పొడుగునా ఆటల్లో, వక్తృత్వంలో, క్విజ్జుల్లో, నాటకాల్లో, గదుల శుభ్రంలో ఈ నాలుగు హౌసులకూ పోటీలు పెడతారు. వచ్చిన పాయింట్లు నోటీసు బోర్డు మీద రాస్తారు. ఏడాది చివర వార్షికోత్సవంలో అందరికంటే ఎక్కువ పాయింట్లు వచ్చిన హౌసుకు రోలింగ్ షీల్డు ఇస్తారు. మళ్లీ ఏడు ఆ షీల్డు మరొకరికి పోవచ్చు.

మనం ఉద్యోగాల్లో ఉండగా డిపార్ట్‌మెంట్ల మధ్య వాలీబాల్ పోటీలు ఆడాం కదా, అచ్చం అలాంటిదే. రెవెన్యూ వారి మీద ట్రెజరీ వారు గెలిస్తే ఆట తెలియని గుమాస్తా కూడా మర్నాడు కాలరెగరేసుకుని తిరిగేవాడు.

ఈ పద్ధతి మన దేశంలో పుట్టింది కాదు. ఇంగ్లండులో పెద్ద పెద్ద బోర్డింగు స్కూళ్లలో పిల్లలు వేర్వేరు ఇళ్లలో ఉండేవారు. ఒక్కో ఇంటికి ఒక ఉపాధ్యాయుడు, ఆయన కుటుంబం. అక్కడ హౌసు అంటే నిజంగానే ఇల్లు. రగ్బీ స్కూలుకు 1828 నుంచి 1842 వరకు ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న థామస్ ఆర్నాల్డ్ పైతరగతి పిల్లల మీద బాధ్యత పెట్టి బడిని నడిపే పద్ధతికి పేరు తెచ్చాడు. ఆయన దగ్గర ఉపాధ్యాయుడుగా పనిచేసిన జార్జి కాటన్ 1852లో మార్ల్‌బరో స్కూలుకు ప్రధానోపాధ్యాయుడుగా వెళ్లాడు. ఆ ముందటేడే ఆ బడిలో పిల్లలు తిరగబడి బీభత్సం చేసి ఉన్నారు. ఖాళీ దొరికితే చాలు, చుట్టుపక్కల ఊళ్ల మీద పడి అల్లరి చేసేవారు. కాటన్ దొర బెత్తాన్ని నమ్ముకోకుండా ఆటలను నమ్ముకున్నాడు. సాయంత్రం పూట అందరినీ మైదానంలోకి దింపి క్రమపద్ధతిలో ఆడించాడు. అంటే ఈ పోటీల వెనక మొదట ఉన్న ఉద్దేశం ఛాంపియన్లను తయారుచేయడం కాదు, వందలమంది మగపిల్లల ఒంట్లో పొంగే శక్తికి ఒక కాలవ తవ్వడం.

ఈ కాటన్ దొర తర్వాత కలకత్తా బిషప్‌గా మన దేశానికే వచ్చాడు. (గోదావరి ఆనకట్ట కట్టిన కాటన్ వేరు, ఈయన వేరు.) సిమ్లాలో 1859లోను, బెంగళూరులో 1865లోను మొదలైన బిషప్ కాటన్ స్కూళ్లు ఆయన పేరు మీద ఉన్నవే. ఆయన 1866లో బెంగాల్లో పడవ ఎక్కబోతూ నదిలో పడి చనిపోయాడు. ఆయన చూపిన దారిలో ఆటలు, హౌసులు మన బడుల్లో వేళ్లూనుకున్నాయి.

తర్వాత 1935లో డెహ్రాడూన్‌లో డూన్ స్కూలు వచ్చింది. దాని మొదటి ప్రధానోపాధ్యాయుడు ఆర్థర్ ఫుట్ ఇంగ్లండులోని ఈటన్ స్కూలు నుంచి వచ్చినవాడు. అక్కడి హౌసుల పేర్లు వింటే మీకు సంతోషం కలుగుతుంది. టాటా హౌసు, కాశ్మీర్ హౌసు, జైపూర్ హౌసు, వాటితోపాటు హైదరాబాద్ హౌసు. ఎక్కడో హిమాలయాల పాదాల దగ్గర చదువుకునే పిల్లలు ఈనాటికీ "హైదరాబాద్, హైదరాబాద్" అని కేకలు వేస్తూ ఆడుతుంటారన్నమాట.

మన తెలుగునేల మీదికి వస్తే, హైదరాబాదులో జాగీర్దార్ల పిల్లల కోసం 1923లో ఈటన్ పద్ధతిలో ఒక కాలేజీ పెట్టారు. జాగీర్లు పోయాక 1951లో అదే బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలు అయింది. 1988 దాకా అది మగపిల్లల బడే. ఒకప్పుడు జాగీర్దారు కొడుకులు తప్ప అడుగుపెట్టలేని చోట ఆ తర్వాత ఉద్యోగస్తుల పిల్లలు చదువుకున్నారు. అక్కడి హౌసులకు నలందా, తక్షశిల, నాగార్జున, విజయనగర అని పేర్లు. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల ఆ బడిలో నలందా హౌసు కుర్రాడు. ఆయన తండ్రి బి.ఎన్. యుగంధర్ గారు మన రాష్ట్రంలో పేరుపొందిన ఐ.ఎ.ఎస్. అధికారి. సత్య 2017లో వచ్చిన తన పుస్తకంలో స్కూలు క్రికెట్ సంగతి ఒకటి రాసుకున్నారు. ఒక మ్యాచిలో తన బౌలింగు బాగా లేకపోతే కెప్టెను బంతి తీసుకుని తానే వేసి వికెట్ తీశాడట. తీసి ఊరుకోలేదు, మళ్లీ బంతి సత్యకే ఇచ్చాడట. ఆ కుర్రాడి ధైర్యం దెబ్బతినకూడదని ఆ కెప్టెనుకు ఎవరూ చెప్పకుండానే తోచింది. ఇంత పెద్ద కంపెనీని నడిపే మనిషి అంతకాలం తర్వాత కూడా గుర్తుపెట్టుకున్నది ఆ సంగతిని. ఈ ముక్కను మీరు కాస్త మనసులో ఉంచుకోండి. నేను చెప్పదలచుకున్నది ఇదే విషయం చుట్టూ తిరుగుతుంది.

మన వాళ్లకు మరింత దగ్గరైనది విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూలు. 1962 జనవరిలో మొదలైంది. విజయనగరం రాజావారు పి.వి.జి. రాజు గారు ఇచ్చిన కోరుకొండ ప్యాలెస్‌లో పెట్టారు. ఎందరో తెలుగు కుర్రాళ్లు అక్కడ చదివి సైన్యంలో అధికారులయ్యారు. దాదాపు 60 ఏళ్లపాటు మగపిల్లలకే పరిమితమై, 2021-22 నుంచి దేశంలోని సైనిక్ స్కూళ్లన్నింటితోపాటు ఆడపిల్లలను కూడా చేర్చుకుంటోంది. సైనిక్ స్కూళ్లలో హౌసు అంటే చొక్కా రంగు ఒక్కటే కాదు, పడుకునేది, తినేది, లేచేది అన్నీ హౌసుతోనే. ఏడాది మొత్తం మీద గెలిచిన హౌసును అక్కడ "కాక్ హౌస్" అంటారు. ఇంగ్లండు నుంచి వచ్చిన మాటే, గెలిచిన పుంజు అనే అర్థంలో. సంక్రాంతికి పందెం కోళ్లను చూసిన మనకు ఈ మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు. అయితే పుంజుల పందెంలో బరి చుట్టూ జనం చేరి అరుస్తారు, లోపల కొట్టుకునేవి రెండే. హౌసుల పోటీ కూడా అలా తయారైతే ఏమవుతుందో తర్వాత మనవి చేస్తాను.

1963 నుంచి ఉన్న కేంద్రీయ విద్యాలయాల్లో శివాజీ, టాగూర్, అశోక, రామన్ అని హౌసులు. 1986 నాటి జాతీయ విద్యావిధానంతో దేశమంతా విస్తరించిన నవోదయ విద్యాలయాల్లో ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. ఆనాడు కేంద్రంలో ఆ శాఖ చూసినది మన పి.వి. నరసింహారావు గారే. అంతకుముందు 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాలకు ప్రాణం పోసినదీ ఆయనే. నవోదయలో ఆరావళికి నీలం, నీలగిరికి పచ్చ, శివాలిక్‌కు ఎరుపు, ఉదయగిరికి పసుపు. మన జిల్లాలో మర్రిపాడు మండలం కృష్ణాపురంలో నవోదయ ఉంది. అక్కడి పిల్లలు ఉదయగిరి హౌసు అంటే మనకు వెంటనే మన ఉదయగిరి కోటే గుర్తొస్తుంది. బడి వారికి దేశంలోని నాలుగు పర్వతాల పేర్లు పెట్టామని తృప్తి, మనకు మన కొండను చేర్చారని తృప్తి.

చరిత్ర చాలు. ఇక అసలు సంగతికి వస్తాను. హౌసు పోటీ మంచిదా, చెడ్డదా? ఇన్నేళ్ల సర్వీసులో నాకు తెలిసిందేమిటంటే, అది పాయింట్లు వేసే పద్ధతిని బట్టి ఉంటుంది. మనలో అకౌంట్స్ వారు, ఆడిట్ వారు చాలామంది ఉన్నారు కాబట్టి లెక్కలోనే చెబుతాను.

240 మంది పిల్లలున్న బడి అనుకుందాం. నాలుగు హౌసులు, హౌసుకు 60 మంది. వార్షిక క్రీడల్లో 20 అంశాలు. మొదటివాడికి 5, రెండోవాడికి 3, మూడోవాడికి 1. అంటే మొత్తం బహుమతి స్థానాలు 60, మొత్తం పాయింట్లు 180. ఇప్పుడు బాగా పరిగెత్తేవాడు ఒక్క అంశంతో ఊరుకోడు. వంద మీటర్లూ వాడే, రెండు వందలూ వాడే, లాంగ్‌జంపూ వాడే. ఒక్కొక్కడు సగటున రెండున్నర చోట్ల గెలిచాడనుకున్నా 60 స్థానాలూ 24 మంది చేతిలో పడతాయి. మిగిలిన 216 మంది? గట్టు మీద కూర్చుని చప్పట్లు కొడతారు. కెప్టెను సాయంత్రం పూట ఎవరి వెంట పడతాడు? తన హౌసులోని ఆ ఆరుగురి వెంట. మిగతా యాభై నలుగురూ హౌసుకు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. కోడిపందెం అని నేనన్నది దీన్నే.

రెండో పద్ధతి ఒకటుంది. దాన్ని స్టాండర్డ్సు అంటారు. వయసును బట్టి ఒక మెట్టు నిర్ణయిస్తారు. ఈ వయసు పిల్లవాడు వంద మీటర్లు ఇన్ని సెకన్లలో పరిగెత్తాలి, ఇంత దూరం దూకాలి, గుండు ఇంత దూరం వేయాలి, మైలు ఇన్ని నిమిషాల్లో పూర్తిచేయాలి. ఆ మెట్టు దాటిన ప్రతివాడికీ హౌసు ఖాతాలో ఒక పాయింటు. ఎవరితోనూ పోటీ లేదు, గడియారంతోను, టేపుతోను పోటీ. నాలుగు అంశాలు పెడితే 60 మంది ఉన్న హౌసుకు 240 పాయింట్లు తెచ్చుకునే వీలుంది. ఇప్పుడు లెక్క చూడండి. మూడు పరుగుల్లో మొదట వచ్చిన మేటి కుర్రాడు తెచ్చేది 15. ఒక్కొక్క మెట్టు దాటిన పదిహేనుమంది సామాన్యులు తెచ్చేదీ 15.

ఈ చిన్న మార్పుతో కెప్టెను నడవడిక మారిపోతుంది. మేటి కుర్రాడు ఎలాగూ గెలుస్తాడు. అంగుళం తక్కువగా దూకుతున్న బొద్దబ్బాయి దగ్గర ఒక పాయింటు దాగి ఉంది. కాబట్టి కెప్టెను తెల్లవారుజామున వాణ్ణి లేపి ఇసుక గుంట దగ్గరికి తీసుకుపోతాడు. "ఒరే, ఈ గీత దగ్గర కాలు వెయ్యి, ఇట్ట ఎగురు" అని చెబుతాడు. వాడు ఆ గీత దాటిన రోజు హౌసు మొత్తం వాణ్ణి భుజాల మీద ఎత్తుకుంటుంది. ఇది నేను ఒకసారి కాదు, ఎన్నోసార్లు కళ్లారా చూశాను. ఆ కెప్టెనుకు మొదట్లో ఉన్నది పాయింటు మీద ఆశే కావచ్చు. ఉండనివ్వండి. నెల రోజులు ఒకణ్ణి చెయ్యి పట్టుకుని నేర్పించిన తర్వాత ఆ ఇద్దరి మధ్య మిగిలేది పాయింటు ఒక్కటే కాదు.

ఆటలకే కాదు, అన్నింటికీ ఈ సూత్రం పనిచేస్తుంది. ఫస్టు ర్యాంకుకు పాయింట్లు ఇస్తే హౌసులో ఒక్కడు సంపాదిస్తాడు. క్వార్టర్లీ కంటే హాఫియర్లీలో పది మార్కులు పెంచుకున్న ప్రతివాడికీ ఒక పాయింటు ఇస్తే, లెక్కలు వచ్చినవాడు రానివాడి పక్కన రాత్రి స్టడీ అవర్లో కూర్చుంటాడు.

ఇక్కడ ఈ తీరానికి సంబంధించిన ఒక ముచ్చట చెబుతాను. బడి పేరు, అబ్బాయి పేరు, ఊరి పేరు చెప్పను. ఈ సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పల్లెకారుల కుప్పం నుంచి ఒక కుర్రాడు మా హౌసులో చేరాడు. తొమ్మిదో తరగతి. నల్లగా, గట్టిగా, మాట తక్కువగా ఉండేవాడు. క్రికెట్ తెలియదు, హాకీ కర్ర పట్టుకోవడం రాదు. స్టేజి ఎక్కమంటే వణికేవాడు. చెరువులో చేపలా ఈదేవాడు గాని, మా బడిలో ఈత కొలను లేదు కాబట్టి ఈతకు పాయింట్లు లేవు. హౌసు జాబితాలో ఎక్కడా వాడి పేరు ఉండేది కాదు. అందరూ మైదానంలో ఉంటే వాడు సామాను గది మెట్ల మీద కూర్చునేవాడు.

ఆ ఏడు టగ్ ఆఫ్ వార్, అదే తాడులాగుడు, పోటీల్లో చేర్చారు. మా హౌసులో బలమైన కుర్రాళ్లను ఎనిమిదిమందిని ఎంచుకుని కెప్టెను సాధన చేయిస్తున్నాడు. ఒక్కొక్కడూ ఎద్దులా ఉన్నాడు. కాని ఒకడు లాగినప్పుడు ఇంకొకడు ఊపిరి పీల్చుకుంటున్నాడు. ఎదురుగా చిన్న పిల్లలను నిలబెట్టినా తాడు కదలడం లేదు. మెట్ల మీద కూర్చున్నవాడు రెండు రోజులు చూసి మూడో రోజు నా దగ్గరికి వచ్చి, "సార్, వాళ్లు చేతుల్తో లాగతా ఉండారు సార్. అట్ట కాదు, కాళ్లతో లాగాల" అన్నాడు.

అలివి వల లాగడం మీలో చాలామంది ఈ ఒడ్డునే చూసి ఉంటారు. పడవలో వలను సముద్రంలోకి తీసుకుపోయి అర్ధచంద్రాకారంగా పరిచి వస్తారు. రెండు కొసల తాళ్లనూ ఒడ్డున రెండు జట్లు పట్టుకుని లాగుతాయి. మడమలు ఇసుకలో దిగేసి, ఒళ్లంతా వెనక్కి వాల్చి, ఒక కేకకు ఒక అడుగు చొప్పున అందరూ ఒక్కసారే వెనక్కి జరుగుతారు. వెనక కొసన ఉన్నవాడు తాడు వదిలి, నీళ్ల అంచుకు పోయి మళ్లీ ముందు పట్టుకుంటాడు. అందులో ముసలివాళ్లుంటారు, పిల్లలుంటారు. బలం సంగతి తర్వాత, ముందు లయ కుదరాలి. ఈ కుర్రాడు పుట్టిన దగ్గర్నుంచి చూసింది, చేసింది అదే.

కెప్టెను మంచివాడు. పదో తరగతి వాడై ఉండి, తొమ్మిదో తరగతి వాడి మాట వినడానికి చిన్నతనంగా భావించలేదు. "సరే, నువ్వే కేక వెయ్యరా" అన్నాడు. వాడు పక్కన నిలబడి కేక వేస్తుంటే ఎనిమిదిమందీ ఒక్క మనిషిలా వెనక్కి వాలడం నేర్చుకున్నారు. పోటీ నాడు మాకంటే బలమైన జట్టును రెండుసార్లూ లాగేశారు. ఆ ఏడాది షీల్డు మాకు రాలేదు, మొత్తం మీద మూడో స్థానంలోనే ఉన్నాం. అయితే ఆ రాత్రి భోజనాల దగ్గర చిన్న పిల్లలందరూ వాడి చుట్టూ చేరి సముద్రం గురించి అడుగుతుంటే, మొదటిసారి వాడు గొంతెత్తి మాట్లాడటం విన్నాను. ఆ తర్వాత సామాను గది మెట్ల మీద వాణ్ణి చూడలేదు.

పోటీ పట్టికలో వాడికి తెలిసిన విద్యకు చోటు దొరికింది కాబట్టి ఇది జరిగింది. దొరక్కపోతే ఆ రెండేళ్లూ వాడు పనికిరానివాడుగానే ఉండి వెళ్లిపోయేవాడు. ఎంతమంది అలా వెళ్లిపోయి ఉంటారో ఆలోచించండి.

ఈ పద్ధతిలోని దోషాలు కూడా చెప్పకపోతే ప్రసంగం ఏకపక్షం అవుతుంది. ఇంగ్లండు హౌసుల్లో చిన్న తరగతి పిల్లలు పై తరగతి వాళ్లకు బూట్లు తుడిచి, టీలు కాచి పెట్టే ఆచారం ఉండేది. పెత్తనం చేతికిస్తే కొందరు కుర్రాళ్లు దాన్ని దెబ్బలుగా మారుస్తారు. మగపిల్లల హాస్టళ్లలో ఏడవడం నామోషీ కాబట్టి దెబ్బ తిన్నవాడు చెప్పుకోడు. మన రాష్ట్రంలో 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం రావలసి వచ్చిందంటే ఊరికే రాలేదు. పరుగులో పడిపోయినవాణ్ణి "నీవల్లే హౌసు ఓడింది" అని రాత్రి పక్కబట్టలు లాగేసిన సందర్భాలు ఉంటాయి. ఒకడు చేసిన తప్పుకు హౌసు మొత్తానికి పాయింట్లు కోసే మాష్టార్లుంటారు. ఆ శిక్ష పడేది హౌసు మీద కాదు, ఆ ఒక్కడి మీద, దీపాలు ఆర్పేశాక. అందుకే హౌస్ మాస్టరు రాత్రి పూట ఒకసారి డార్మిటరీలో నడవాలి. నోటీసు బోర్డు చూస్తే అతనికి పాయింట్లు తెలుస్తాయి, మంచాల మధ్య నడిస్తే పిల్లలు తెలుస్తారు.

అసలు పోటీయే వద్దన్న పెద్దలూ మన తెలుగునాట ఉన్నారు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారు ఒక పిల్లవాణ్ణి ఇంకొకడితో పోల్చడమే వాడికి చేసే అన్యాయం అనేవారు. ఆ దగ్గరలోనే ఆయన భావాలతో నడిచే రిషీవ్యాలీ పాఠశాలలో పిల్లలు హౌసుల్లో ఉంటారు, హౌసు చూసే పెద్దలుంటారు, కాని ఒకరిని మించి ఒకరు పోవాలనే పోటీకి పెద్దపీట వేయరు. ఇల్లు ఉంచుకుని పందెం తీసేశారన్నమాట. వారి మాటలో సత్యం ఉంది. నాదల్లా ఒక్కటే మనవి. పదమూడు పద్నాలుగేళ్ల మగపిల్లలు ఇద్దరిని ఒక బంతి ఇచ్చి వదిలితే అయిదు నిమిషాల్లో వాళ్లే పోటీ పెట్టుకుంటారు. మనం పెట్టకపోయినా వచ్చే పోటీని, వెనక వరుస వాడికి కూడా చోటుండేట్టు దిద్దడం మన చేతిలో ఉన్న పని.

ఇప్పుడు మన ఇళ్ల సంగతికి వస్తాను. మన మనవళ్లలో చాలామంది నాలుగైదు అంతస్తుల మేడల్లో చదువుతున్నారు. అక్కడ మైదానం లేదు. హౌసు లేదు. ఉన్నది ర్యాంకు. వారం వారం పరీక్ష, గోడ మీద జాబితా. ర్యాంకుకూ హౌసు పాయింటుకూ ఒక తేడా ఉంది. పక్కవాడు ఒక మెట్టు ఎక్కితే ర్యాంకులో నేను ఒక మెట్టు దిగుతాను. అదే పక్కవాడు నా హౌసువాడైతే, వాడు ఎక్కిన మెట్టు నాకూ లాభం. మొదటి పద్ధతిలో నా నోట్సు దాచుకోవాలి, రెండోదానిలో ఇచ్చి చదివించాలి. చిన్నప్పుడు వంటబట్టిన లెక్కే పెద్దయ్యాక ఆఫీసులోనూ, అన్నదమ్ముల మధ్యనూ పనిచేస్తుంది. అన్నీ చూసినవాళ్లం, నేను విడమర్చి చెప్పనక్కర్లేదు.

మరి పెన్షనర్లం మనం చేయగలిగిందేమిటి? నాకు తోచినవి మూడు.

మొదటిది, ఇంట్లో చేసేది. మనవడు బడి నుంచి రాగానే "ఎన్నో ర్యాంకు, ఏం గెలిచావు?" అని అడగడం మానుదాం. "ఈ వారం మీ హౌసుకు నువ్వేం చేశావురా అబ్బాయ్? నువ్వు ఎవరికి నేర్పావు? నీకెవరు నేర్పారు?" అని అడుగుదాం. మొదట తెల్లమొహం వేస్తాడు. నాలుగు వారాలు అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి వెతుక్కుంటాడు.

రెండోది, ఊళ్లో చేసేది. హౌసులకు డబ్బు అక్కర్లేదు. నాలుగు రంగుల రిబ్బన్లు, ఒక నోటు పుస్తకం, ఒక టేపు, ఒక స్టాప్‌వాచి చాలు. మనలో రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయులున్నారు, నాటకాలు వేసినవారున్నారు, పద్యం చక్కగా చదివేవారున్నారు, లెక్క తప్పకుండా ఖాతా రాసేవారు కొల్లలు. మన ఇళ్లకు దగ్గరలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు వెళ్లి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో నెలకు ఒక శనివారం ఈ పోటీలకు న్యాయనిర్ణేతలుగా, స్కోరర్లుగా కూర్చోవచ్చు. మనకు కాలక్షేపం, వారికి సాయం.

మూడోది, షీల్డు గురించి. మనలో కొందరు తల్లిదండ్రుల పేరు మీద బడికి షీల్డు ఇవ్వాలనుకుంటారు. మంచి పనే. ఇచ్చేటప్పుడు ఒక షరతు పెట్టండి. ఎక్కువమంది బహుమతులు గెలిచిన హౌసుకు కాకుండా, ఎక్కువమంది పిల్లలు మెట్టు దాటిన హౌసుకు ఇవ్వమనండి. ఆ ఒక్క వాక్యం షీల్డు మీద చెక్కించండి. మనం పోయిన తర్వాత కూడా అది ప్రతి ఏటా ఒక కెప్టెను చేత వెనక వరుస కుర్రాడి కోసం వెతికిస్తుంది.

మగపిల్లల బడుల సంగతి చెప్పమన్నారు కాబట్టి వారి గురించే మాట్లాడాను. మనవరాళ్లు కోపగించుకోవద్దు. సైనిక్ స్కూళ్లలోకే వాళ్లు వచ్చేశారు, ఇక ఈ షీల్డులు ఎటు పోతాయో చూస్తూనే ఉన్నాం.

వంటవారు సైగ చేస్తున్నారు. భోజనాల తర్వాత పిల్లలకు, పెద్దలకు తాడులాగుడు పోటీ ఉన్నదని కార్యదర్శిగారు ప్రకటించమన్నారు. బి.పి. ఉన్నవారు, ఆపరేషన్లు అయినవారు దయచేసి తాడు పట్టుకోవద్దు, పక్కన నిలబడి కేక వేయండి. కేకకు కూడా పాయింటు ఉంటుంది, ఆ ఖాతా నేను రాస్తాను.